వైటింగ్ కోసం పాపరా, పెన్సిలా, పచ్చి ఎరా?

గోపాలపూర్ ఒడ్డున గాలం వేసే మా బరంపురం కుర్రాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, వైటింగ్‌కు పాపర్ కొనమంటావా, పెన్సిల్ కొనమంటావా?" వైటింగ్ అంటే ఒడ్డు ఇసుక దగ్గర తిరిగే చిన్న చేప. పాపర్, పెన్సిల్ నీటి పైన ఆడే రెండు రకాల లూర్లు, అంటే ప్లాస్టిక్ నకిలీ ఎరలు. నేను జవాబుకు ముందు ఇంకో ప్రశ్న వేస్తాను: "ఎక్కడ నిలబడి వేస్తావు?" అది తెలియకుండా లూర్ పేరు చెప్పడం కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టడమే. గోపాలపూర్ దీపస్తంభం ఎదుట విరిగే అలల్లో కావలసింది ఒకటి, బాహుదా నది సముద్రంలో కలిసే చోట మోకాలి లోతు నీటిలో కావలసింది మరొకటి. ఒకే సామానుతో రెండు చోట్లా తిరిగి, ఒక చోట సంచి నింపుకుని, రెండో చోట రోజంతా వేసి చేయి నొప్పి మాత్రమే తెచ్చుకున్నవాళ్లను చూశాను. తేడా ఎందుకు వస్తుందో తెలిస్తే డబ్బూ మిగులుతుంది, ఆదివారమూ మిగులుతుంది.

ముందు చేప సంగతి. ఇసుక రంగు వీపు, వెండి పొట్ట, కోలగా సాగిన తల. సాధారణంగా జానెడు ఉంటుంది, పెద్దది 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దుకాణాల్లో లేడీ ఫిష్ అని కూడా అమ్ముతారు. శాస్త్రీయ నామం సిల్లాగో సిహామా. ఎర్ర సముద్రం నుంచి జపాన్ దాకా, అటు ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఇదే చేప ఉంటుంది.

సోనాపూర్ దగ్గర అలివి వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన ఒకసారి నాతో అన్నారు: "ఈ చేపకు వల సంగతి తెలుసు బాబూ. దగ్గరికి రాగానే ఇసుకలో దూరిపోతుంది. వల దాని మీదుగా వెళ్లిపోతుంది." ఆ మాట నాకు చాలా నేర్పింది. ఇది నేలను నమ్ముకున్న చేప. నోరు చిన్నది, ముందుకు సాగుతుంది. ఇసుకలోని పురుగులనూ చిన్న రొయ్యలనూ వెతికి పట్టుకుంటుంది. అలాంటిది నీటి పైన ఆడే ప్లాస్టిక్ ముక్క కోసం ఎందుకు లేస్తుంది? పల్చటి నీటిలో అడుగుకూ పైభాగానికీ దూరం లేదు కనుక. బెదిరిన రొయ్య ఇసుక మీద నుంచి పైకి ఎగిరి, నీటి మీద చిందులు వేస్తూ పారిపోతుంది. చేప దాని వెంట పడుతుంది. పైన ఆడే లూర్ ఆ పారిపోయే రొయ్యలా నటిస్తుంది. నీరు లోతైతే, లేదా నురుగుతో కప్పుకుపోతే, కింద ఉన్న చేపకు ఆ నాటకం కనిపించదు. నా ఎంపికంతా ఈ ఒక్క కారణం మీదే నడుస్తుంది.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది ఆస్ట్రేలియా తూర్పు తీరం. అక్కడ ఉండేది మన చేపకు దాయాది, సిల్లాగో సిలియాటా. శాండ్ వైటింగ్ అంటారు. వేసవిలో అది ఇసుక మేటల మీద రొయ్యలను తరిమేటప్పుడు చిన్న పాపర్లు, పెన్సిళ్లు వేసి పడతారు. అక్కడ కూడా ఇది బాగా పండేది నదీముఖాల్లో, పల్చటి నీటి మేటల మీద. వీడియోలు చూసి సామాను తెప్పించుకునేవారు ఈ సంగతి గమనించరు. బీచ్ అనే మాట వినగానే మన అలల ఒడ్డు కళ్ల ముందు మెదులుతుంది.

గోపాలపూర్ అలల్లో

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తెరిచిన అలల ఒడ్డున నీటి పైన లూర్ కన్నా పచ్చి ఎరదే పైచేయి. మన తీరంలో అల చాలా చోట్ల ఒడ్డుకు దగ్గరగా వచ్చి ఒక్కసారిగా కూలుతుంది. ఇసుక లేస్తుంది, నురుగు కమ్ముతుంది. వైటింగ్ ఆ కలతలోనే తిరుగుతుంది గానీ, దాని చూపు కిందికే ఉంటుంది. అల తవ్వి బయటపెట్టిన పురుగులూ చిన్న పీతలూ దానికి చాలు. నాలుగు గ్రాముల లూర్‌ను ఆ నురుగులోకి విసిరితే మీకూ కనిపించదు, చేపకూ కనిపించదు. రెండో అల దాన్ని తెచ్చి మీ కాళ్ల దగ్గర పడేస్తుంది.

అల వెనక్కి పోయేటప్పుడు తడి ఇసుక మీద చూడండి. గుడ్డు ఆకారంలో, బొటనవేలి కొనంత ఉండే చిన్న పీతలు గబగబా ఇసుకలో దూరుతుంటాయి. వేళ్లతో గీరితే దొరుకుతాయి. ఎనిమిదో నంబరు సన్నని గాలానికి ఒకటి గుచ్చి, దారం మీద జారే సీసపు గుండుతో విసిరి, చాలా నెమ్మదిగా చుట్టుకుంటూ రండి. అడుగున కదిలే ఎరే ఈ చేపకు ఇష్టం. లూర్ డబ్బాలు కొనక్కర్లేదు, ఎరకు పైసా ఖర్చు లేదు.

అలల మధ్యే పైలూర్ వేయాలని పట్టుదల ఉన్నవారికి ఒక దారి ఉంది. నీళ్లు నింపుకునే పారదర్శక ప్లాస్టిక్ బెండు దొరుకుతుంది. సగం నీళ్లు నింపితే బరువు పెరిగి, తేలుతూనే దూరం వెళుతుంది. దాని వెనక మీటరు దారం, దారం చివర మూడు గ్రాముల పెన్సిల్. అల విరిగే గీత దాటి, కాలువలా లోతుగా పారే నీటికీ ఇసుక తిన్నెకూ మధ్య పడేలా వేయాలి. సముద్రం మెత్తబడిన రోజుల్లో ఇది ఫలిస్తుంది. కానీ బెండు పడిన చప్పుడుకే పల్చటి నీటిలోని చేప చెదిరిపోతుంది కనుక దీన్ని నదీముఖానికి మాత్రం తీసుకెళ్లకండి.

బాహుదా మేటల మీద

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. బాహుదా ఇచ్ఛాపురం మీదుగా వచ్చి సోనాపూర్ వైపు సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు ఉన్నాయి. నీరు తీసినప్పుడు బయటపడతాయి, నీరు ఎక్కేటప్పుడు మెల్లగా మునుగుతాయి. ఆ మునిగే రెండు మూడు గంటలే మనవి. పొడి ఇసుక తడవగానే అందులోని పురుగులూ రొయ్యలూ కదులుతాయి, చేపలు చీలమండ లోతు నీటిలోకి కూడా వచ్చేస్తాయి. మీరు నీటిలోకి దిగి నిలబడే చోటే చాలాసార్లు చేప ఉండవలసిన చోటు. అందుకే మొదటి నాలుగైదు విసుర్లు ఒడ్డు మీద నుంచే, కాళ్లు తడవకుండా వేయాలి.

ఇక పాపరా, పెన్సిలా అన్నది. పాపర్ ముఖం చిన్న గిన్నెలా లోపలికి గుంటపడి ఉంటుంది. లాగితే నీటిని ముందుకు చిమ్ముతుంది, చిటుక్కుమని చప్పుడు చేస్తుంది. పెన్సిల్‌కు గుంట ఉండదు. అది నున్నగా, బీడీలా రెండు కొనలూ సన్నగా ఉంటుంది. కర్ర కొనను ఆడిస్తూ చుడితే కుడికీ ఎడమకీ తల తిప్పుతూ నడుస్తుంది. ఆస్ట్రేలియాలో బాగా పేరున్న బాస్‌డే షుగాపెన్ ఈ జాతిదే. పెన్సిల్‌లో బరువు సాధారణంగా తోక వైపు ఉంటుంది కనుక గాలిని చీల్చుకుని దూరం పోతుంది. పాపర్ అంత దూరం పోదు గానీ, చేయి తిరగని వాడు లాగినా పని చేస్తుంది.

తెల్లవారుజామున నేల వైపు నుంచి వీచే గాలి మందంగా ఉండి నీరు అద్దంలా ఉంటే పెన్సిల్ తీయండి. అంత నిశ్శబ్దంలో పాపర్ చిటుకు చేపను బెదరగొడుతుంది. ఎండ ఎక్కి సముద్రపు గాలి మొదలై, నీటి మీద చిన్న చిన్న మడతలు పడుతున్నప్పుడు పాపర్. ఆ మడతల్లో పెన్సిల్ నడక కలిసిపోతుంది, పాపర్ చిమ్మిన నీరు మాత్రం తెలుస్తుంది. ఈ చేప విషయంలో గాలికి చెదిరిన నీరే మేలు. అద్దంలాంటి నీటిలో అది మన నీడను కూడా చూసి పారిపోతుంది, అలజడి ఉన్నప్పుడే ధైర్యంగా వెంటపడుతుంది. ఒక్కటే కొనగలిగితే, ఆరు సెంటీమీటర్ల పాపర్, ముఖంలోని గుంట చిన్నదిగా ఉన్నది కొనమంటాను. మన తీరంలో సగం రోజు గాలి ఉండనే ఉంటుంది. గుంట పెద్దదైతే అది పండుగప్ప కోసం చేసిన వస్తువు, మనకు కాదు. పొడవు ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు, బరువు మూడు నుంచి ఆరు గ్రాములు. రంగు గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. లోపల కనిపించేలా పారదర్శకంగా ఉండి రొయ్యను తలపిస్తే చాలు.

గాలాలు మార్చనిదే లూర్ లూరే కాదు

డబ్బు ఎక్కడ పెట్టాలంటే, నా మాట లూర్ మీద కాదు, దాని కింద వేలాడే గాలాల మీద. కొత్త లూర్‌తో వచ్చే మూడు ముళ్ల గాలాలు చాలావరకు మొద్దుగా, లావుగా ఉంటాయి. మొదటి ఏడాది నాకు ఈ సంగతి తెలియక, నీరు చిట్లిన ప్రతిసారీ గుండె ఝల్లుమనేది, దారం మాత్రం వదులుగానే వచ్చేది. ఒక రోజు ఎట్టకేలకు పడిన చేపను చేతిలోకి తీసుకుని దగ్గరగా చూశాను. జానెడు చేపకు నోరు శనగగింజ పట్టేంత. పెదవి లేత తోలు గొట్టంలా ముందుకు సాగి, వదలగానే లోపలికి ముడుచుకుంది. గాలం నోట్లో లేదు, దవడ పక్కన చర్మానికి వెంట్రుకవాసిలో తగులుకుని ఉంది. ఆ నోరు మూడు ముళ్ల మొద్దు గాలాన్ని ఎలా అందుకోగలదు? అది రొయ్య తోకను కొరికినట్లు లూర్ వెనక భాగాన్ని కొరుకుతోంది, అంతే. ఆ క్షణంలో నాకు ఏడాదిగా జారిపోయిన చేపలన్నీ గుర్తొచ్చాయి.

మార్గాలు రెండు. ఒకటి, అదే చోట సన్నని తీగతో చేసిన పదో నంబరు లేదా పన్నెండో నంబరు మూడు ముళ్ల గాలం వేయడం. గాలం నంబరు పెరిగే కొద్దీ పరిమాణం తగ్గుతుందని కొత్తవారు గుర్తుంచుకోవాలి. రెండోది, నాకు నచ్చినది, వెనక రింగుకు దారంతో కట్టిన ఒంటి గాలాల జత. లూర్ తోకకు ఒకటిన్నర సెంటీమీటర్ల వెనక అవి వదులుగా ఊగుతుంటాయి. చేప పీల్చుకుంటే లూర్ బరువు అడ్డు రాకుండా గాలం ఒక్కటే నోట్లోకి పోతుంది. పట్టుకున్న తరువాత కూడా, చేప తల విదిలించినప్పుడు లూర్ తులాదండంలా పనిచేసి గాలాన్ని ఊడబీకదు. ఇంకో మేలు, తీయడం తేలిక. మూడు ముళ్ల గాలం చిన్న చేప మొప్పల దాకా చీల్చేస్తుంది. ఒంటి గాలంతో పట్టిన పిల్ల చేపను బతికుండగానే నీటిలో వదలొచ్చు. గాలం అడ్డుముల్లును పట్టకారుతో నొక్కేస్తే ఇంకా మంచిది.

ఈ జతను ఇంట్లోనే కట్టుకోవచ్చు. 20 పౌండ్ల బరువు ఆపే అల్లిన దారం పది సెంటీమీటర్లు తీసుకుని మధ్యకు మడవండి, రెండు కొసలకూ ఎనిమిదో నంబరు లేదా పదో నంబరు గాలాలు కట్టండి, ముడి మీద దారం బిగుతుగా చుట్టి గోళ్ల రంగు పూయండి. చుట్టే దారం ఎర్రగా ఉంటే చేప అక్కడికే గురి పెడుతుందని చాలామంది వేటగాళ్ల నమ్మకం. కొందరు చిన్న ఎర్ర పూస కూడా గుచ్చుతారు. మా ఊరు పట్టు చీరలకు పేరు కదా, నేను నేత ఇంట్లో మిగిలిన ఎర్ర పట్టు పోగు అడిగి తెచ్చుకుని చుడతాను. తడిసినప్పుడు దాని మెరుపు చూడటం నాకు ఇష్టం. ముందు వైపు, అంటే లూర్ పొట్ట కింద, గాలం తీసేసినా నష్టం లేదు. అయితే అది తీసేశాక లూర్ ఇంటి దగ్గర బకెట్‌లో సరిగా తేలుతోందో లేదో చూసుకోండి. కొన్ని లూర్లకు ఆ బరువే ఆసరా, అది పోతే పక్కకు ఒరుగుతాయి.

దారం

కర్ర, రీలు గురించి ఎక్కువ చెప్పను. ఏడడుగుల తేలిక కర్ర, మూడు నుంచి పది గ్రాముల లూర్ విసరడానికి రాసినది, 2000 సైజు రీలు. వీటిలో ఏ మంచి రకమైనా సరిపోతుంది. గాలి ఎక్కువగా ఉండే మేటల మీద ఒక అడుగు పొడవైన కర్ర దూరం ఇస్తుంది. రీలులో ఆరు నుంచి ఎనిమిది పౌండ్ల అల్లిన దారం ఉండాలి.

లూర్‌కు కట్టే చివరి మీటరున్నర దారం దగ్గరే అందరూ పొరబడతారు. దీన్ని లీడర్ అంటారు. నీటిలో కనిపించదని ఫ్లోరోకార్బన్ దారం కొంటారు. కానీ దాని సాంద్రత 1.78. నైలాన్‌ది 1.14 మాత్రమే. సముద్రపు నీటిది సుమారు 1.025. అంటే ఫ్లోరోకార్బన్ గట్టిగా మునుగుతుంది. నాలుగు గ్రాముల లూర్ ముక్కును అది కిందికి లాగుతుంది, పాపర్ చిమ్మడం మాని నీటిలోకి దూరుతుంది. నైలాన్ కూడా నీటికన్నా కాస్త బరువే అయినా, చాలా నెమ్మదిగా మునుగుతుంది. కదులుతున్నంతసేపు పైనే ఉంటుంది. కాబట్టి పైలూర్‌కు ఆరు లేదా ఎనిమిది పౌండ్ల సాదా నైలాన్ చాలు, ధర కూడా తక్కువ. ఫ్లోరోకార్బన్‌ను అడుగున వేసే పచ్చి ఎరకు దాచుకోండి. లూర్‌ను బిగుతు ముడితో కట్టకుండా చిన్న వలయంలా వదిలి కడితే దాని తల స్వేచ్ఛగా తిరుగుతుంది. పెన్సిల్‌కు ఇది తప్పనిసరి.

మన నదీముఖాల్లో పండుగప్ప, పార చేపలు కూడా ఇదే లూర్‌ను కొడతాయి. ఎనిమిది పౌండ్ల నైలాన్ పండుగప్ప మొప్ప అంచుకు తగిలితే తెగడం ఖాయం. ఆ భయంతో లావు దారం కడితే వైటింగ్ రాదు. ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలి.

ఆపకండి

లాగే తీరులోనే మిగతా చేపల అలవాటు మనల్ని మోసం చేస్తుంది. పాపర్‌తో ఇతర చేపలు పట్టినవారికి లాగి ఆపడం, ఆపి లాగడం చేతికి పట్టి ఉంటుంది. ఆ విరామంలోనే పెద్ద చేపలు కొడతాయి. వైటింగ్ అలా కాదు. ఒక మధ్యాహ్నం బాహుదా దగ్గర తొడ లోతు నీటిలో నిలబడి చూశాను. పాపర్ వెనక మూడు గీతలు, బాణపు మొనల్లా, నీటిని చీల్చుకుంటూ వస్తున్నాయి. మూడు చేపలు. నాకు చేయి ఆగలేదు, అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆపాను. మూడు గీతలూ రెండు చేతుల దూరంలో ఆగి, విప్పారి, మాయమయ్యాయి. మరో విసురులో మళ్లీ గీతలు కనిపించాయి. ఈసారి ఆపలేదు, ఇంకాస్త వేగం పెంచాను. కుడి పక్క గీత ముందుకు దూకింది, చిటుక్కుమంది, ఏమీ లేదు. అయినా చుడుతూనే ఉన్నాను. మళ్లీ చిటుకు. మూడోసారి కర్ర కొన మెత్తగా వంగి, బరువు తెలిసింది.

పారిపోయే రొయ్య ఆగదు. ఆగితే అది రొయ్య కాదని చేపకు తెలిసిపోతుంది. అందుకని సమంగా, చురుగ్గా చుడుతూ, కర్ర కొనను చిన్నగా అదురుస్తూ ఉండండి. నీరు చిట్లిన చప్పుడుకు కర్రను పైకి ఎగలాగకండి. అలా లాగితే లూర్ మీటరు దూరం ఎగిరి పడుతుంది, చేప దారి తప్పుతుంది. బరువు తెలిసేదాకా చుట్టడమే మన పని. సన్నని గాలం తనంత తానే దిగుతుంది.

నీటిలో నడిచేటప్పుడు కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడ్చండి. మేటల మీద టేకు చేపలు పడుకుని ఉంటాయి. పాదం అడ్డంగా తగిలితే తప్పుకుంటాయి, నెత్తిన పడితే తోక ముల్లు దించుతాయి. నీరు తీసే వేళ ముఖద్వారపు కాలువ దగ్గర నడుము లోతుకు దిగకండి. నది, సముద్రం కలిసి లాగితే ఈతగాడికి కూడా పట్టు చిక్కదు.

ఎప్పుడు, ఎక్కడ

ఋషికుల్య ముఖద్వారం దగ్గరి మేటలు వైటింగ్‌కు ఎంత అనువుగా కనిపించినా, ఆ ఒడ్డుకు వేరే హక్కుదారులు ఉన్నారు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలాదిగా వచ్చి గుడ్లు పెట్టేది అక్కడే. నవంబర్ 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య ముఖద్వారాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటపై ఒడిశా ప్రభుత్వం నిషేధం పెడుతుంది. కర్ర పట్టుకుని ఒడ్డున నిలబడేవారు కూడా ఆ నెలల్లో అటవీ శాఖ వారిని అడగకుండా అటు వెళ్లకూడదని నా మనవి. తెగిన నైలాన్ ముక్క ఒక్కటి చాలు, తాబేలు రెక్కకు ఉరి బిగుసుకోవడానికి. తెగిన దారం ఎక్కడ కనిపించినా, మీది కాకపోయినా, చుట్టి జేబులో వేసుకోండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలకు నదుల నీరు మట్టి రంగులో ఉంటుంది, పైలూర్ చేపకు కనిపించదు. ఆ నెలల్లో పచ్చి ఎరే దిక్కు. అక్టోబరులో వర్షం తెరిపి ఇచ్చి నీరు తేరుకున్నాక బాహుదా వైపు నా బండి తిరుగుతుంది. అయితే అది తుపానుల నెల కూడా. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. పెద్ద గాలివాన వెళ్లాక మేటలు చోటు మారతాయి, నిరుడు మోకాలి లోతున్న చోట ఇప్పుడు తల మునిగే కాలువ ఉండొచ్చు. అందుకే మొదటి రోజు కర్ర కూడా తీయను. నీరు పూర్తిగా తీసిన వేళ వెళ్లి, తడి ఇసుక మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా నడుస్తాను. రొయ్యలు చేసిన చిన్న చిన్న రంధ్రాలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూసి, ఒడ్డున ఏ సరుగుడు చెట్టుకు ఎదురుగా ఉందో గుర్తు పెట్టుకుంటాను. మర్నాడు నీరు ఎక్కేటప్పుడు మొదటి విసురు ఆ రంధ్రాల మీదుగానే.